కాలర్ లోపల ఉన్న పేరు ఎవరిది?

ఇదిగో, నా చేతిలో ఉన్నది ఒక చేతుల్లేని కోటు. మన నాయకులు కుర్తా మీద వేసుకుంటారు చూడండి, అలాంటిది. ముదురు ఎరుపు రంగు, మధ్యలో సన్నటి పసుపు చారలు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్నాను. పాత చార్జర్లు, రిమోట్లు, స్టీలు గిన్నెలు అమ్మే వరసలో ఒకాయన దుప్పటి పరిచి బట్టలు కుప్ప పోశాడు. నాలుగొందలు అన్నాడు, నేను వంద అన్నాను, నూట యాభైకి తెగింది.

రూముకి తెచ్చి చూస్తే కాలర్ లోపల చిన్న గుడ్డ లేబుల్ ఉంది. ఇంగ్లిష్‌లో రెండే మాటలు, కింద ఊరి పేరు. డెక్కన్ ఎక్స్‌పోర్ట్స్, హైదరాబాద్. ఒక మూల కుట్టు ఊడి వేలాడుతోంది. అంతే, ఇంకేమీ లేదు.

ఈ ఎపిసోడ్ అంతా ఆ రెండు మాటల గురించే. ఈ కోటు ఎవరు చేశారు? చాలా చిన్న ప్రశ్న కదా. నాకు మూడు నెలలు పట్టింది. జవాబు ఎక్కడ దొరికిందో చెబితే నవ్వుతారు. నేను ఉద్యోగానికి రోజూ దిగిన మెట్రో స్టేషన్‌కి దగ్గర్లో ఒక ముక్క దొరికింది. మా ఊళ్లో, మా సొంత ఇంట్లో, రేకు పెట్టె అడుగున ఇంకో ముక్క దొరికింది.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం నా గురించి రెండు మాటలు. మాది చౌటుప్పల్ దగ్గర ఊరు. బీటెక్ అయ్యాక అందరిలాగే అమీర్‌పేటలో దిగాను. హాస్టల్లో ఒక మంచం, మైత్రీవనం దగ్గర కోచింగ్, సాయంత్రం మిర్చి బజ్జీ. 2019లో ఉద్యోగం వచ్చింది, ఆఫీసు రాయదుర్గం వైపు. నాలుగేళ్లు కోడ్ రాసి, 2023లో మానేసి ఈ వీడియోల్లోకి వచ్చాను. ఇప్పుడు ఉండేది ఖైరతాబాద్‌లో, మూడో అంతస్తు మీద రేకుల గది. మా ఇంటి ఓనర్ ఆంటీ నన్ను ఇప్పటికీ "సాఫ్ట్‌వేర్ బాబు" అనే పిలుస్తుంది. ఆ పేరు పోతే అద్దె విషయంలో నమ్మకం పోతుందని నేనూ సరిదిద్దలేదు.

సరే, లేబుల్ దగ్గరికి వద్దాం.

పాత బట్టల లేబుళ్లు చదవడం బయటి దేశాల్లో పెద్ద విద్య. అమెరికాలో బట్టల లేబుల్ మీద ఆర్‌ఎన్ అని ఒక నంబరు కనిపిస్తుంది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇచ్చే నంబరు అది. దాన్ని వెతికితే ఆ బట్ట వెనక ఏ కంపెనీ ఉందో తెలుస్తుంది. ఎలా ఉతకాలో లేబుల్ మీద చెప్పాలన్న నియమం అక్కడ 1972 నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి ఉతికే సూచనలు ఉంటే ఆ తర్వాతి బట్ట అని ఒక అంచనా. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకోటి ఉంది. ఆడవాళ్ల బట్టలు కుట్టే కార్మికుల సంఘం 1900లో అక్కడ ఏర్పడి, 1995 దాకా ఆ పేరుతో నడిచింది. వాళ్లు కుట్టిన బట్టలో సంఘం గుర్తు ఉన్న లేబుల్ విడిగా కుట్టేవాళ్లు. కంపెనీ పేరు ఒక లేబుల్ మీద, కార్మికుల సంఘం పేరు ఇంకో లేబుల్ మీద. సంఘం గుర్తు కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. అందుకే పాత బట్టలు సేకరించేవాళ్లు ఆ గుర్తు చూసి గౌను ఏ కాలానిదో చెప్పేస్తారు.

మన దగ్గర ఏం చూడాలి? నేను తయారుచేసుకున్న లెక్క చెబుతాను, మీ ఇంట్లో పాత బట్టలకి పనికొస్తుంది. అడ్రసులో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిది, ఎందుకంటే పిన్‌కోడ్ మొదలైందే ఆ రోజు. చేనేత గుర్తు, అదే హ్యాండ్‌లూమ్ మార్క్, ఉంటే 2006 తర్వాతిది. ఊరి పేరు పక్కన తెలంగాణ అని ఉంటే 2014 జూన్ తర్వాతిది. హైదరాబాద్ ఫోన్ నంబరు ఉంటే అంకెలు లెక్కపెట్టండి. ఇప్పుడు ల్యాండ్‌లైన్‌కి ఎనిమిది అంకెలు, వెనక్కి పోయేకొద్దీ తగ్గుతాయి.

నా లేబుల్ మీద వీటిలో ఒక్కటీ లేదు. గుర్తు లేదు కాబట్టి పాతది అనుకోవచ్చు, కానీ లేకపోవడం సాక్ష్యం కాదు కదా. లాగ్‌లో ఎర్రర్ లేదంటే ప్రోగ్రామ్ బాగుందని కాదు, లాగ్ రాయలేదని కూడా కావచ్చు. ఆఫీసులో ఈ పాఠం నేను చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను, ఆ కథ ఇంకో ఎపిసోడ్‌లో చెబుతాను.

లేబుల్ ఏం చెప్పనప్పుడు బట్టని అడగాలి. ఖైరతాబాద్‌లో మా సందు చివర ప్యాంట్లు కురచ చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. వేలాడే మూల కుట్టించుకుందామని కోటు ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన లేబుల్ వైపు చూడలేదు. లోపలి అస్తరు చిరిగిన చోట రెండు వేళ్లు పెట్టి, బట్ట వెనక వైపు రుద్ది చూశాడు. "అరె, ఏ తో మష్రూ హై బేటా" అన్నాడు. నన్ను కూడా రుద్దమన్నాడు. పైవైపు పట్టులా జారుతోంది. లోపలివైపు మామూలు నూలు బట్ట. ఒకటే బట్ట, రెండు ముఖాలు.

మష్రూ అంటే ఏంటో అప్పటిదాకా నాకు తెలియదు. అరబ్బీలో ఆ మాటకి "అనుమతించినది" అని అర్థం. మగవాళ్ల ఒంటికి పట్టు తగలకూడదని ముస్లిం సంప్రదాయంలో ఒక నియమం ఉంది. అందుకని పడుగు పట్టు, పేక నూలు పెట్టి, సాటిన్ పద్ధతిలో నేస్తారు. పడుగంటే నిలువు దారం, పేకంటే అడ్డ దారం. అలా నేస్తే పట్టు అంతా పైకి తేలుతుంది, ఒంటికి నూలే తగులుతుంది. నియమం తప్పలేదు, షోకూ తగ్గలేదు. దీనికి తోడు హిమ్రూ అని ఇంకోటి ఉంది. నూలు బట్ట మీద పట్టు దారాలతో పువ్వులు, తీగలు తేల్చి నేస్తారు. బంగారు, వెండి జరీతో నేసే కింఖాబ్ కొనలేనివాళ్లకి దాని పోలికలో వచ్చిన బట్ట. నిజాం కాలంలో షేర్వాణీలకి హిమ్రూ అంటే మంచి గిరాకీ. ఔరంగాబాద్ దీనికి పెద్ద కేంద్రం. ఔరంగాబాద్ అప్పుడు మన హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది.

1948లో నిజాం పాలన పోయింది. షేర్వాణీలు కుట్టించుకునే నవాబులు, జాగీర్దార్లు తగ్గిపోయారు. 1956లో ఔరంగాబాద్ బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది. ఆ పైన పవర్‌లూమ్. అంటే కొనేవాళ్లూ పోయారు, ఊరూ విడిపోయింది, ధరలో పోటీ కూడా వచ్చింది. మరి అలాంటి బట్ట మీద హైదరాబాద్ లేబుల్ ఎలా వచ్చింది? ఎవరు నేయించారు?

ఇక్కడే నాకు ఒక పేరు దొరికింది. సురయ్యా హసన్ బోస్.

డెక్కన్ ఎక్స్‌పోర్ట్స్ ఆమె సంస్థ. ఆమె గురించి చదవడం మొదలుపెట్టాక రెండు రోజులు నేను వేరే పని చేయలేదు. మన నగరం చరిత్ర సగం ఆ ఒక్క ఇంట్లోనే ఉంది. ఆమె నాయనమ్మ ఫక్రుల్ హాజియా హసన్ స్వాతంత్ర్యోద్యమంలో ఉన్న మనిషి. ట్రూప్ బజార్‌లో వాళ్ల ఇల్లు అబిద్ మంజిల్. అక్కడ విదేశీ బట్టలు కుప్ప పోసి తగలబెట్టారు. ఆమె బాబాయి అబిద్ హసన్ సఫ్రానీ. 1943లో సుభాష్ చంద్రబోస్ జర్మనీ నుంచి జలాంతర్గామిలో బయల్దేరినప్పుడు వెంట ఉన్న మనిషి ఈ హైదరాబాదీ. "జై హింద్" అనే పలకరింపు ఇచ్చింది ఆయనే అంటారు. తర్వాత సురయ్యా గారు పెళ్లి చేసుకున్నది సుభాష్ చంద్రబోస్ అన్న కొడుకు అరబిందో బోస్‌ని. పేరులో బోస్ అలా వచ్చింది.

విదేశీ బట్టలు కాల్చిన ఇంట్లో పుట్టిన పిల్ల, దేశీ బట్ట నేయించడమే జీవితం చేసుకుంది. హైదరాబాద్ కాటేజ్ ఎంపోరియంలో పనిచేసింది. పుపుల్ జయకర్ పిలుపుతో ఢిల్లీ వెళ్లి చేనేత ఎగుమతుల్లో పనిచేసింది. మళ్లీ హైదరాబాద్ వచ్చి సొంతంగా మొదలుపెట్టింది. ఫాబ్‌ఇండియా స్థాపించిన జాన్ బిస్సెల్‌కి బట్ట ఇచ్చినవాళ్లలో ఆమె ఒకరు. హిమ్రూ, మష్రూ, పైఠణీ తెలిసిన నేతగాళ్లు కొద్దిమందే మిగిలారని తెలిసి, వాళ్లని వెతికి పట్టుకుని, వాళ్ల చేత కొత్తవాళ్లకి నేర్పించింది. ఆ కొత్తవాళ్లలో చాలామంది భర్త పోయిన ఆడవాళ్లు. తరతరాలుగా మగ్గం మీద మగవాళ్లే కూర్చున్న పని అది. ఇల్లు గడవడం కష్టమైన ఆడవాళ్లని తెచ్చి మగ్గం మీద కూర్చోబెట్టింది. వాళ్ల పిల్లలు చదువుకోడానికి పక్కనే బాబాయి పేరు మీద సఫ్రానీ మెమోరియల్ స్కూల్ పెట్టింది.

ఇదంతా ఎక్కడనుకుంటున్నారు? దర్గా హుస్సేన్ షా వలీ. రాయదుర్గం మెట్రో దిగి ఆటో ఎక్కితే ఎంతోసేపు పట్టదు.

2019 నవంబరులో మెట్రో రాయదుర్గం దాకా వచ్చింది. నేను అమీర్‌పేటలో ఎక్కి అక్కడ దిగేవాణ్ని. కరోనా ముందు కొన్ని నెలలు, మళ్లీ ఆఫీసులు తెరిచాక ఇంకో ఏడాదికి పైగా. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, చేతిలో లంచ్ బాక్స్. అద్దాల భవనాల మధ్య నుంచి నడిచి వెళ్లి ఏసీలో కూర్చునేవాణ్ని. ఆ భవనాల వెనక్కి ఒక్కసారి కూడా వెళ్లలేదు. దర్గా బోర్డు మీద పేరు మాత్రం క్యాబ్ యాప్‌లో వందసార్లు చూశాను.

సురయ్యా హసన్ బోస్ 2021 సెప్టెంబర్ 3న చనిపోయారు. 93 ఏళ్లు. అంటే నేను ఆ స్టేషన్‌లో దిగడం మొదలుపెట్టినప్పుడు ఆవిడ ఉన్నారు. వెళ్లి తలుపు తట్టి "అమ్మా, ఈ లేబుల్ మీదేనా" అని అడగగలిగే దూరంలో ఉన్నారు. అప్పటికి కోటు నా దగ్గర లేదు, నిజమే. కానీ నాకు అడగాలనే బుద్ధి కూడా లేదు.

ఒక బుధవారం పొద్దున అదే మెట్రో ఎక్కి, అదే స్టేషన్ దిగి, ఈసారి ఆటోలో దర్గా వైపు వెళ్లాను. అక్కడ నాకు ఇంకో సంగతి తెలిసింది. ఖైరతాబాద్‌లో ఉంటూ ఇది తెలియకపోవడం నాకే సిగ్గనిపించింది. ఈ హుస్సేన్ షా వలీ ఎవరో కాదు, మన హుస్సేన్ సాగర్‌లో ఉన్న హుస్సేన్. 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో ఆ చెరువు కట్టించే పని చూసుకున్నది ఈయనే. నగరంలో ఒక కథ చెప్పుకుంటారు. సుల్తాను దాన్ని ఇబ్రహీం సాగర్ అందామనుకున్నాడట. జనం మాత్రం ఎండలో నిలబడి కట్టించినాయన పేరే పిలిచారట. సుల్తాను చేసేదిలేక తన పేరు కోసం ఇబ్రహీంపట్నం చెరువు ఇంకోటి తవ్వించుకున్నాడట. కథలో నిజమెంతో పక్కన పెట్టండి. డబ్బు పెట్టినవాడి పేరు పోయి, పని చూసినవాడి పేరు నిలిచిన లేబుల్ మా రూముకి నడిచే దూరంలో, నాలుగున్నర శతాబ్దాలుగా నీళ్ల మీద ఉంది.

కానీ వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. హుస్సేన్ షా వలీ కట్టించాడు, సరే. మట్టి మోసింది ఎవరు? వాళ్ల పేర్లేవి? సురయ్యా గారు నేయించారు, సరే. ఈ కోటు బట్ట నేసింది ఎవరు?

టీ కొట్టు దగ్గర స్కూలు పేరు చెప్పగానే ఒక పెద్దాయన చేయి చూపించాడు. గేటు దాకా వెళ్లాను. అక్కడ ఆగిపోయాను. నిజం చెబుతున్నాను, ఏం అడగాలో నాకే తెలియలేదు. పడుగేదో పేకేదో నిన్న మొన్న నెట్‌లో చదివినవాణ్ని. చేతిలో కెమెరా పట్టుకుని, పెద్దావిడ లేని చోటికి వెళ్లి "ఇది ఎవరు చేశారు" అంటే వాళ్లు మాత్రం ఏం చెబుతారు? అడగడానికి కూడా కొంచెం తెలిసుండాలి. వెనక్కి తిరిగి, ఎల్బీ నగర్ దాకా మెట్రోలో వెళ్లి, చౌటుప్పల్ బస్సెక్కాను.

ఎందుకంటే మాది నేత ఇల్లు. ఈ మాట ఈ ఛానెల్‌లో ఇంతవరకు చెప్పలేదు. ఆఫీసులో కూడా ఎవరికీ చెప్పలేదు. మా తాత నలభై ఏళ్లు గుంట మగ్గం మీద ఇక్కత్ చీరలు నేశాడు. నేను బీటెక్ రెండో ఏడాదిలో ఉండగా పోయాడు. మా నాన్న మగ్గం ఎక్కలేదు, ప్రైవేటు ఉద్యోగం చూసుకున్నాడు. మగ్గం గుంటలో మట్టి పోసి, పైన సిమెంటు చేసి, ఆ గదిలో ఫ్రిజ్ పెట్టారు. తాతని నేను ఒక్కసారి కూడా పని గురించి అడగలేదు. నాకు తెలిసింది చప్పుడు ఒక్కటే.

నాయినమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. కోటు చేతికిచ్చాను.

"గిదేడిదిరా?"

"ఎర్రగడ్డల కొన్న నాయినమ్మా. ఎవరు చేసిన్రో తెలుసుకుందామని."

ఆవిడ కూడా లేబుల్ చూడలేదు. దర్జీ పెద్దాయన చేసినట్టే లోపలి వైపు తిప్పింది. పక్క కుట్టు దగ్గర బొటనవేలితో తడిమి, కత్తెర తెమ్మంది. వద్దనేలోపు రెండంగుళాలు విప్పేసింది. కుట్టినాయన బట్ట వృథా కాకుండా మగ్గం అంచుని అలాగే లోపలికి మడిచి కుట్టేశాడు. ఆ అంచు మీద వరసగా సన్నటి చిల్లులు.

"ఇగో, గీ బొక్కలు కనవడ్తున్నయా? నేసేటప్పుడు బట్ట దగ్గరికి గుంజుకపోకుండా రెండు దిక్కుల కర్ర గుచ్చి పెడ్తం. దాని బొక్కలివి. చేతి పనే."

లేబుల్ చెప్పలేని మాట ఆ అంచు చెప్పింది. నేను మూడు నెలలు కాలర్ దగ్గరే వెతుకుతున్నాను. ఆవిడ రెండు నిమిషాల్లో కుట్టు విప్పింది.

"మరి నేసినోళ్లు ఎవరో తెలుస్తదా?"

నవ్వింది. "నేసినోని పేరు బట్ట మీద ఏడనన్న ఉంటదా? మీ తాత నలభై ఏండ్లు నేసిండు. ఏ చీర మీద ఉన్నది ఆయన పేరు?"

నా దగ్గర జవాబు లేదు. సాఫ్ట్‌వేర్‌లో గిట్ బ్లేమ్ అని ఒక కమాండ్ ఉంది. ఏ ఫైలు మీద కొట్టినా ఒక్కో వరస ఎవరు రాశారో, ఏ తేదీన రాశారో చూపిస్తుంది. నేను 2020లో ఇంట్లో కూర్చుని రాసిన చెత్త కోడ్ పక్కన ఈ రోజుకీ నా పేరుంటుంది. మా తాత నేసిన పట్టుచీర కట్టుకుని ఎంతమంది పెళ్లిపీటల మీద కూర్చున్నారో, ఒక్కరికీ ఆయన పేరు తెలియదు.

నాయినమ్మ లేచి లోపలికి వెళ్లింది. రేకు పెట్టె అడుగు నుంచి ఒక చీర తీసుకొచ్చింది. నలుపు, ఎరుపు, తెలుపు, పాత నూలు ఇక్కత్.

"ఇది మాది" అంది.

"ఎట్ల తెలుసు? పేరు లేదంటివి కదా."

కొంగు దగ్గర ఒక పువ్వు మీద వేలు పెట్టింది. ఆ వరసలో పువ్వులన్నీ గీత గీసినట్టున్నాయి. ఈ ఒక్క పువ్వు మాత్రం పక్కకి వాలింది.

"ఈడ చిటికి వదులైంది. మీ నాయినకు జరం వచ్చిన దినం. చంకల పిల్లగాడు, చేతుల చిటికి. సేటు చూసి వాపస్ ఇచ్చిండు. గందుకే ఇంట్ల మిగిలింది."

చిటికి అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇక్కత్‌లో డిజైన్ మగ్గం మీద పుట్టదు, అంతకుముందే దారంలో పుడుతుంది. దారాన్ని ఆసు మీద పోసి, లెక్క ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా గట్టిగా కట్లు కడతారు. రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, మళ్లీ ముంచుతారు. ఒక్క కట్టు వదులైతే చాలు, రంగు లోపలికి పాకి పువ్వు పక్కకి వాలుతుంది. ఈ పనిలో చాలా భాగం ఇంటి ఆడవాళ్లదే. తాత నేశాడని నేను ఇందాక అన్నాను కదా. అది కూడా సగం లేబులే. ఆసు పోసింది, కండెలు చుట్టింది, చిటికి కట్టింది నాయినమ్మ. దేశంలో 2019-20 చేనేత గణన ప్రకారం 35 లక్షల మందికి పైగా ఈ పనిలో ఉంటే, వాళ్లలో 72 శాతం ఆడవాళ్లు.

ఆసు ఎంత కష్టమో చెప్పడానికి ఒక లెక్క ఉంది. ఒక్క చీరకి దారాన్ని చేత్తో దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. రోజుకి రెండు చీరలైతే 18,000 సార్లు. ఆలేరు దగ్గర శారాజీపేటలో ఒక తల్లికి ఈ పనితో భుజం పడిపోతుంటే చూడలేక కొడుకు ఆసు యంత్రం చేయడం మొదలుపెట్టాడు. ఆయన చింతకింది మల్లేశం. ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో పూర్తి చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మీద సినిమా కూడా వచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ యంత్రానికి ఆయన తన పేరు పెట్టుకోలేదు. లక్ష్మీ ఆసు అని పెట్టాడు. లక్ష్మి ఆయన తల్లి పేరు.

నేను ఈ మూడు నెలల్లో చూసిన లేబుళ్లలో అంత సరిగ్గా ఉన్నది ఇంకోటి లేదు. అమ్మినవాళ్ల పేరు కాదు, తయారుచేసినవాడి పేరు కూడా కాదు. ఎవరి భుజం మీద ఆ పని నడిచిందో ఆమె పేరు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ఈ కోటు ఎవరు చేశారు? డెక్కన్ ఎక్స్‌పోర్ట్స్ అనేది ఒక జవాబు. సురయ్యా హసన్ బోస్ అనేది దానికన్నా లోతైన జవాబు. ఆవిడ లేకపోతే ఈ బట్ట మన కాలం దాకా వచ్చేదే కాదు, అందుకే ఆ లేబుల్‌ని నేను గౌరవంగా చూస్తాను. ఆ వేలాడే మూల కుట్టించాను కూడా. రాధికా సింగ్ ఆవిడ మీద ఒక పుస్తకమే రాశారు, దొరికితే చదవండి. కానీ ఆ లేబుల్ వెనక ఇంకో చెయ్యి ఉంది. అంచు మీద ఆ చిల్లులు పడేలా కర్ర గుచ్చిన చెయ్యి. ఆ చేతి కోసం నేను మళ్లీ రాయదుర్గం వెళ్తాను. ఈసారి కెమెరా సంచిలోనే ఉంటుంది. ముందు కుట్టు విప్పి అంచు చూపిస్తాను, తర్వాత అడుగుతాను. ఏం అడగాలో మా నాయినమ్మ నేర్పింది.

మీకు కూడా ఒక పని చెబుతాను. ఈ వారం ఇంట్లో బీరువా తెరవండి. అమ్మ పెళ్లి చీరో, తాత శాలువానో తీయండి. లేబుల్ చూడండి, కానీ అక్కడే ఆగకండి. లోపలికి తిప్పండి, అంచు చూడండి. ఎక్కడ కొన్నారు, ఏ సంవత్సరం, ఎవరు కట్టుకున్నారు, ఎవరు నేశారు అని ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఒక కాగితం మీద రాసి, ఆ బట్ట మడతలోనే పెట్టండి. పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడగండి. నేను ఇద్దరి విషయంలో ఆలస్యం చేశాను. ఒకరు నా ఆఫీసుకి దగ్గర్లో ఉండేవాళ్లు, ఇంకొకరు నా ఇంట్లోనే ఉండేవారు.

ఆ రోజు ఊరి నుంచి వచ్చేముందు నేను ఒక పని చేశాను. తెల్ల గుడ్డ ముక్క మీద పెన్నుతో రెండు వరసలు రాశాను. చిటికి కట్టింది ఎవరో ఒక వరసలో, నేసింది ఎవరో ఇంకో వరసలో. ఆ పేర్లు మా ఇంట్లోనే ఉండనివ్వండి. దాన్ని ఆ చీర కొంగుకి, వాలిన పువ్వు వెనక, నాకొచ్చిన వంకర కుట్టుతో కుట్టాను. నాయినమ్మ కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని చదివింది. కాసేపు ఏమీ అనలేదు.

తర్వాత అంది, "ఇప్పుడెందుకురా ఇది? అమ్ముతవా ఏంది?"

అమ్మను నాయినమ్మా.

ఉంటాను ఫ్రెండ్స్. వచ్చే వారం కలుద్దాం.